చమ్కీ నూలు లేసు శాలువ: అల్లిక విధానం – శ్రమ గణన

వ్యాససంగ్రహం:

లేసు శాలువ అల్లిక సాధారణంగా తీరికవేళ కళగా, గృహిణుల కాలక్షేపంగా పరిగణింపబడుతోంది. చమ్కీలు గుచ్చిన నూలుతో అల్లిన శాలువకు అంగడిలో ఎక్కువ ధర పలుకుతుంది. అయితే ఆ మెరుపు వల్ల అల్లే స్త్రీకి పెరిగే శ్రమ కూలీ లెక్కలోకి రావడం లేదన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన. అల్లిక నిర్మాణం, చమ్కీ నూలు స్వభావం, కుట్ల గణన అనే మూడు అంశాలను వివరించి, నరసాపురం లేసు పరిశ్రమ, షెట్లాండ్ దీవుల శాలువల చరిత్రల వెలుగులో ముక్కకూలీని కాలం ఆధారంగా లెక్కించవలసిన ఆవశ్యకతను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: లేసు, క్రోషే, సూదుల అల్లిక, చమ్కీ నూలు, నరసాపురం, ముక్కకూలీ, గృహాధారిత శ్రమ.

1. ఉపోద్ఘాతం

సంగారెడ్డి జిల్లాలోని గడ్డపోతారం, పటాన్‌చెరు పరిసరాలు మందులు, రసాయనాల పరిశ్రమలకు ప్రసిద్ధి. అక్కడ శ్రమకు కొలమానం గడియారం. కార్మికుడు గేటు దాటి లోపలికి వెళ్ళిన సమయం, బయటికి వచ్చిన సమయం నమోదవుతాయి. వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అనే పరిమితిని 1948 నాటి కర్మాగారాల చట్టం నిర్దేశించింది. ఆ పరిమితి ఆచరణలో ఎంతవరకు అమలవుతోందన్నది వేరే చర్చ. కనీసం అడగడానికి ఒక లెక్క ఉంది.

అదే వాడలో ఒక కార్మికుని ఇంట భార్య వంట ముగించి, పిల్లలను బడికి పంపి, ఎవరికో అమ్మడానికి శాలువ అల్లుతున్నదనుకుందాం. ఆమె పనికి గేటు లేదు, హాజరుపట్టీ లేదు. ఎన్ని గంటలు పట్టిందని అడిగితే “మధ్యమధ్యలో అల్లాను” అనే సమాధానమే వస్తుంది. ఆ ‘మధ్యమధ్యలో’ అన్న మాటలో దాగిన కాలాన్ని లెక్కకు తేవడం ఎలా? ఈ ప్రశ్నకు సమాధానం అల్లిక సాంకేతికతలోనే ఉంది. అందువల్ల మొదట అల్లికను, తరువాత కూలీని వివరించడం సమంజసం.

2. నేత, క్రోషే, సూదుల అల్లిక – నిర్మాణ భేదం

తెలంగాణ గ్రామీణులకు బాగా తెలిసిన కప్పుకొనే వస్త్రం గొంగడి. దక్కని జాతి గొర్రెల ఉన్నితో కురుమలు దానిని తయారు చేస్తారు. ఉన్నిని వడికి, పడుగు పేర్చి, చింతగింజల గంజి పట్టించి మగ్గంపై నేస్తారు. నేతలో పడుగు, పేక అనే రెండు వరుసల దారాలు ఒకదానినొకటి అడ్డంగా దాటుతాయి. లేసు శాలువలో ఇటువంటి రెండు వరుసలు ఉండవు. ఒకే దారం మెలికలుగా మారి, ఒక మెలిక మరొక మెలికలోనుండి బయటికి వస్తూ వస్త్రమవుతుంది.

ఈ మెలికల వస్త్రం ప్రధానంగా రెండు విధాలు. మొదటిది క్రోషే. దీనిలో కొక్కెం గల ఒకే సూదిని వాడతారు. ఏ క్షణంలోనైనా సాధారణంగా ఒక్క మెలిక మాత్రమే ముడిపడకుండా ఉంటుంది. రెండవది రెండు సూదుల అల్లిక. దీనిలో వరుసలోని కుట్లన్నీ ఒకేసారి సూదిపై నిలిచి ఉంటాయి. వరుసలో 200 కుట్లుంటే ఆ 200 మెలికలూ విడిపోవడానికి సిద్ధంగా ఉన్నవే. సూది జారితే నష్టం ఒక్క కుట్టుతో ఆగదు.

ఈ భేదం పని పంపకంపై నేరుగా ప్రభావం చూపుతుంది. క్రోషేలో ఒక పువ్వును ఒకరు, మరొక పువ్వును ఇంకొకరు అల్లవచ్చు. అన్నింటినీ వేరొకరు కలిపి పెద్ద వస్త్రంగా చేయవచ్చు. నరసాపురం ప్రాంతంలో విడి భాగాలను అల్లడాన్ని చేతిపని అనీ, వాటిని కలపడాన్ని అతుకుపని అనీ వేరుగా పిలవడం ఇందువల్లనే సాధ్యమైంది. సూదులతో అల్లే శాలువ ఇందుకు భిన్నం. మొదటి కుట్టు నుండి చివరి కుట్టు వరకు అది సాధారణంగా ఒకే చేతిమీద సాగవలసిన అఖండ వస్త్రం. చేయి మారితే బిగువు మారుతుంది. బిగువు మారితే రంధ్రాల పరిమాణం మారి, తేడా కంటికి కనిపిస్తుంది.

3. లేసులో రంధ్రం ఏర్పడే తీరు

లేసు అందం రంధ్రాలలో ఉంది. సూదుల అల్లికలో రంధ్రం ఏర్పడే సూత్రం సరళమైనది. రెండు కుట్ల మధ్య దారాన్ని సూదికి ఒకసారి అదనంగా చుడితే, తరువాతి వరుసలో ఆ చుట్టు ఒక కొత్త కుట్టు అవుతుంది. దాని కింద ఆధారం లేకపోవడం వల్ల అక్కడ రంధ్రం మిగులుతుంది. ఒక కుట్టు పెరిగింది కనుక, సమీపంలో రెండు కుట్లను కలిపి ఒకటిగా అల్లి ఆ పెరుగుదలను సరిచేయాలి. అంటే ప్రతి రంధ్రానికి ఒక చుట్టు, ఒక జోడింపు అవసరం. ఈ రెంటి స్థానాలను మార్చడం ద్వారానే ఆకు, అల, వజ్రాకారం వంటి నమూనాలు రూపొందుతాయి.

జోడింపును మరచితే వరుసలో కుట్ల సంఖ్య తప్పుతుంది. ఆ తప్పు అప్పుడే కనిపించకపోవచ్చు; నాలుగైదు వరుసల తరువాత నమూనా పక్కకు జరిగినప్పుడు బయటపడుతుంది. అందువల్ల లేసు అల్లే స్త్రీ చేతితోపాటు మనసులో నిరంతరం లెక్క కూడా సాగిస్తూ ఉంటుంది. మాటలాడుతూ అల్లగలిగే సాదా అల్లికకూ, లెక్క తప్పకూడని లేసు అల్లికకూ భేదం ఇదే.

అల్లిక పూర్తయినంత మాత్రాన లేసు పూర్తికాదు. సూది నుండి దింపినప్పుడు అది ముడుచుకొని, ముద్దగా కనిపిస్తుంది. దానిని నీటిలో నానబెట్టి, పిండకుండా తువ్వాలులో ఒత్తి, చదునైన చోట పరచి, అంచులను లాగి గుండుసూదులతో బిగించి ఆరనివ్వాలి. అప్పుడే రంధ్రాలు విచ్చుకుంటాయి. ఉన్ని ఈ సాగదీతను బాగా నిలుపుకొంటుంది. నూలుకు, కృత్రిమ దారాలకు ఆ గుణం తక్కువ. ఈ చివరి దశకు పట్టే కాలాన్ని కూడా ‘అల్లిక’లో భాగంగా ఎవరూ లెక్కించకపోవడం సాధారణం.

4. చమ్కీ నూలు – స్వభావం, ఇబ్బందులు

చమ్కీ అంటే మధ్యలో రంధ్రం గల పలుచని మెరిసే బిళ్ళ. ఆంగ్లంలో దీనిని సీక్విన్ అంటారు. ఆ పదానికి మూలం అరబ్బీలోని ‘సిక్కా’. నాణెం ముద్రించే అచ్చు అని దాని అర్థం. అది వెనిస్ నగరపు బంగారు నాణెం ‘జెక్కినో’ పేరు మీదుగా ఐరోపా భాషలలోకి చేరింది. మన వాడుకలోని ‘సిక్కా’ కూడా ఆ అరబ్బీ పదమే. బట్టలకు నాణేలను కుట్టుకొనే ఆచారం నుండి ఈ బిళ్ళలు వచ్చాయనడానికి ఈ పదచరిత్ర ఒక సూచన. నేటి చమ్కీలు ఎక్కువగా అల్యూమినియం పూత పూసిన ప్లాస్టిక్ పొర నుండి కత్తిరించినవి.

చమ్కీ నూలు తయారీలో ఈ బిళ్ళలను సన్నని, గట్టి దారానికి గుచ్చి, ఆ దారాన్ని ప్రధాన నూలుతో కలిపి పురి పెడతారు. అందువల్ల నూలు పొడవునా అక్కడక్కడ బిళ్ళలు ఉంటాయి. మగ్గం పనిలో వస్త్రం సిద్ధమైన తరువాత కావలసిన చోట చమ్కీ కుడతారు. చమ్కీ నూలు అల్లికలో బిళ్ళ ఎక్కడ పడుతుందో అల్లే స్త్రీ చేతిలో పూర్తిగా ఉండదు. దీని పర్యవసానాలు ఇవి:

అ) బిళ్ళ మెలికలోనుండి సులువుగా జారదు. ముఖ్యంగా రెండు కుట్లను జోడించే చోట బిళ్ళ అడ్డుపడితే వేలితో దానిని ముందుకు తోసి, తరువాత కుట్టు పూర్తి చేయాలి.

ఆ) బిళ్ళ వస్త్రం వెనుకవైపుకు తిరిగిపోతుంది. మెరుపు ముఖవైపు కనిపించాలంటే ప్రతి వరుస చివర సరిచూసుకొని, తిరిగిన బిళ్ళలను బయటికి లాగాలి.

ఇ) తప్పు జరిగినప్పుడు విప్పడం కష్టం. సాదా నూలును లాగితే వరుస విడిపోతుంది. చమ్కీ నూలులో బిళ్ళలు పక్క మెలికలను పట్టుకొంటాయి. గట్టిగా లాగితే సన్నని దారం తెగుతుంది. కుట్టు వెంట కుట్టు విప్పవలసి వస్తుంది.

ఈ) ఇస్త్రీ పనికిరాదు. వేడికి ప్లాస్టిక్ బిళ్ళ వంకర పోతుంది, మెరుపు తగ్గుతుంది. గోరువెచ్చని లేదా చల్లని నీటిలో తడిపి ఆరబెట్టడమే మార్గం.

ఈ ఇబ్బందులను తగ్గించే పద్ధతులు లేకపోలేదు. చమ్కీ మెరుపులో సూక్ష్మమైన నమూనా కనిపించదు కనుక పెద్ద రంధ్రాలు గల సరళమైన నమూనాను ఎంచుకోవడం, కొంచెం లావు సూదులు వాడటం, ఆరు లేదా ఎనిమిది వరుసలకు ఒకసారి మాత్రమే చమ్కీ నూలును కలపడం వాటిలో కొన్ని. నమూనా ఒక ఆవృత్తి పూర్తయిన ప్రతిసారీ సూదిపై ఉన్న కుట్లన్నింటిలో వేరే రంగు దారాన్ని దూర్చి ఉంచడం మరొకటి. పై వరుసలలో తప్పు జరిగినా విప్పడం ఆ దారం దగ్గర ఆగిపోతుంది. అసలు పని మొదలుపెట్టే ముందు అరచేతి వెడల్పు నమూనా ముక్కను అల్లి, తడిపి, ఆరబెట్టి చూడటం తప్పనిసరి. అయితే ఇవన్నీ కాలం తీసుకొనే పనులే.

5. కుట్ల లెక్క – ఒక ఉదాహరణ

మెడ దగ్గర మొదలై కిందికి విస్తరించే త్రికోణ శాలువను ఉదాహరణగా తీసుకొందాం. 7 కుట్లతో మొదలుపెట్టి, ముఖవైపు వరుస ప్రతిదానిలో 4 కుట్లు పెంచుతూ, వెనుకవైపు వరుసలను పెంపు లేకుండా అల్లితే, 100 వరుసల తరువాత సూదిపై 207 కుట్లుంటాయి. 100 వరుసలలో అల్లిన మొత్తం కుట్లు 10,900. వీటిలో మొదటి 50 వరుసల వాటా 2,950. తరువాతి 50 వరుసల వాటా 7,950. వరుసల లెక్కన సగం పని అయిందనుకొన్నప్పుడు నిజానికి అయినది సుమారు 27 శాతమే. మొదటి పది వరుసలలో 190 కుట్లుండగా, చివరి పది వరుసలలో 1,990 కుట్లున్నాయి.

శాలువ ఎంతవరకు వచ్చిందని చూసి పనిని అంచనా వేసే వ్యాపారికీ, అల్లే స్త్రీకీ మధ్య ఉండే అపార్థానికి ఇది ఒక మూలం. చివరి జానెడు అల్లడానికి ఇన్ని రోజులా అని అడిగే వ్యక్తి వరుసలను లెక్కిస్తున్నాడు. ఆమె కుట్లను అల్లుతోంది.

ఇప్పుడు వేగాన్ని పరిశీలిద్దాం. వివరణ కోసం, సాదా నూలుతో నిమిషానికి 30 కుట్లు, చమ్కీ నూలుతో 20 కుట్లు అల్లగలదని అనుకొందాం. సాదా శాలువకు సుమారు 6 గంటలు, చమ్కీ శాలువకు సుమారు 9 గంటలు పడుతుంది. ఒక్కొక్క శాలువకు కూలీ రూ. 300 అనుకుంటే, సాదా శాలువపై గంటకు దాదాపు రూ. 50, చమ్కీ శాలువపై గంటకు రూ. 33 మాత్రమే దక్కుతుంది. ఆమె సంపాదన తగ్గకుండా ఉండాలంటే చమ్కీ శాలువకు రూ. 450 ఇవ్వాలి. నమూనా ముక్క, విప్పి అల్లిన వరుసలు, తడిపి ఆరబెట్టడం ఈ లెక్కలో చేరలేదు. ఇక్కడి వేగాలు, కూలీ ఊహించినవే. కానీ నిష్పత్తి నియమం మారదు. వేగం మూడింట ఒక వంతు తగ్గితే ముక్కకూలీలో గంట సంపాదన కూడా అంతే తగ్గుతుంది.

6. నరసాపురం అనుభవం

తెలుగునాట లేసుకు చిరునామా పశ్చిమగోదావరి జిల్లాలోని నరసాపురం. 19వ శతాబ్దం మధ్యభాగంలో, 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ నుండి వచ్చిన మెక్రే దంపతులు ఈ పనిని గోదావరి డెల్టాలోని పేద క్రైస్తవ స్త్రీలకు నేర్పినట్లు చెబుతారు. కాలక్రమంలో అది ఇతర కులాల స్త్రీలకూ విస్తరించింది. వ్యాపారి దారాన్ని మధ్యవర్తుల ద్వారా ఇళ్ళకు పంపి, అల్లిన సరుకును వారి ద్వారానే తిరిగి సేకరించే పద్ధతి స్థిరపడింది. సరుకు విదేశాలకు వెళ్ళింది.

ఈ పరిశ్రమను జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర అధ్యయనం చేశారు. ఆమె గ్రంథం ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ 1982లో వెలువడింది. రోజులో ఆరు నుండి ఎనిమిది గంటల వరకు లేసు అల్లే స్త్రీలకు రోజుకు ఒక రూపాయి కూడా దక్కని స్థితిని ఆమె నమోదు చేశారు. వారిని శ్రామికులుగా గాక గృహిణులుగా, వారి పనిని తీరికవేళ వ్యాపకంగా నిర్వచించడమే ఆ తక్కువ కూలీకి ఆధారమని ఆమె వాదన. కాపు స్త్రీలు తాము గోషా పాటించే వారమని భావించి, పొలం పనికి వెళ్ళే మాల, మాదిగ స్త్రీల కంటే తమ స్థాయి ఎక్కువని తలచడాన్ని కూడా ఆమె గుర్తించారు. అంటే పనిని ‘పని కాదు’ అనడంలో వ్యాపారి లాభంతోపాటు ఇంటి పరువు, కులగౌరవం కూడా ఇమిడి ఉన్నాయి. చంద్ర తల్పడే మొహంతీ తన ప్రసిద్ధ వ్యాసంలో పాశ్చాత్య స్త్రీవాద రచనలను విమర్శిస్తూనే, స్థానిక పరిస్థితులలో వేళ్ళూనిన విశ్లేషణకు ఉదాహరణగా మీస్ అధ్యయనాన్ని ప్రస్తావించడం గమనార్హం.

అనంతర కాలంలో నరసాపురం సమీపంలోని సీతారామపురంలో లేసు పార్కు ఏర్పడింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఇది సంతోషించదగిన విషయమే. అయితే 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం కాపాడేది ప్రధానంగా పేరును, ఆ పేరుకు ప్రాంతంతో ఉన్న సంబంధాన్ని. అల్లిన చేతికి ఎంత కూలీ చేరాలో నిర్ణయించడం ఆ చట్టం పరిధిలోనిది కాదు.

7. షెట్లాండ్ శాలువలు – పోల్చదగిన చరిత్ర

నరసాపురానికి లేసు నేర్పిన స్కాట్లాండ్‌లోనే ఇటువంటి చరిత్ర మరొకటి ఉంది. దానికి ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల స్త్రీలు సన్నని ఉన్నితో రెండు సూదులపై అల్లిన లేసు శాలువలు ఉంగరంలోనుండి దూరిపోయేంత పలుచనివని పేరుపొందాయి. అల్లిన స్త్రీలకు దుకాణదారులు డబ్బుకు బదులు టీ, బట్ట వంటి సరుకులు ఇచ్చేవారు. ఈ పద్ధతిపై ప్రభుత్వం విచారణ జరిపించగా, విలియం గుత్రీ ఆ దీవుల స్త్రీల, వ్యాపారుల సాక్ష్యాలను సేకరించి 1872లో నివేదిక సమర్పించారు. తరువాత 1887 నాటి సవరణ చట్టం, ఇంట్లో అల్లి అమ్మే వ్యక్తిని శ్రామికునిగాను, కొనే వ్యాపారిని యజమానిగాను భావించాలని నిర్దేశించింది. అయిదు పౌండ్ల లోపు విలువ గల అల్లిక వస్తువులు దాని పరిధిలోకి వచ్చాయి.

ఇక్కడ గమనించవలసినది, చట్టం ఆమెను ముందుగా శ్రామికురాలిగా పేర్కొనవలసి వచ్చింది. కూలీ ఎంత అన్న ప్రశ్న ఆ తరువాతిదే.

8. కాలాధారిత ముక్కకూలీ ఆవశ్యకత

ఇంటి నుండి పనిచేసే వారి గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. భారతదేశం దానిని ఆమోదించలేదు. అయితే 2020 నాటి సామాజిక భద్రత స్మృతి గృహాధారిత శ్రామికుల నిర్వచనాన్ని పొందుపరచింది. దారం, సూదులు ఎవరు సమకూర్చారన్న దానితో నిమిత్తం లేకుండా, యజమాని కోసం తన ఇంట్లో ప్రతిఫలానికి పనిచేసే వ్యక్తి ఆ నిర్వచనంలోకి వస్తారు. ముక్కకూలీపై పనిచేసే వారికి, కాలాన్ని బట్టి కనీస వేతనం మాత్రమే నిర్ణయమై ఉంటే, దానికి తగ్గకుండా చెల్లించాలన్న సూత్రాన్ని 1948 నాటి కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్‌లోనే చెప్పింది.

సూత్రం ఉంది, లోపించినది ఒక శాలువకు పట్టే కాలాన్ని లెక్కించే పద్ధతి. పై వివరణ ఆధారంగా ఆ పద్ధతి కష్టం కాదు. నమూనా ముక్కను అసలు నూలుతోనే, అల్లే స్త్రీలే అల్లాలి. నిమిషానికి సగటున ఎన్ని కుట్లు పడుతున్నాయో చూడాలి. శాలువలోని మొత్తం కుట్లను ఆ సంఖ్యతో భాగించాలి. విప్పి అల్లవలసిన పనికి, బిళ్ళలను సరిచేయడానికి, తడిపి ఆరబెట్టడానికి పట్టే కాలాన్ని కలపాలి. వచ్చిన గంటలను కనీస వేతనపు గంట రేటుతో గుణిస్తే, ఆ శాలువకు ఇవ్వవలసిన కనిష్ఠ కూలీ తేలుతుంది. నూలు మారిన ప్రతిసారీ ఈ లెక్క మళ్ళీ వేయాలి.

9. ముగింపు

పై చర్చ ద్వారా తేలిన అంశాలు ఇవి:

1. క్రోషే నిర్మాణం విడి భాగాలుగా పని పంపకానికి అనుకూలం. సూదుల లేసు శాలువ ఒకే చేతిమీద సాగే అఖండమైన పని. కనుక ఒకదాని కూలీ రేటును మరొకదానికి యథాతథంగా వర్తింపజేయరాదు.

2. త్రికోణ శాలువలో శ్రమ వరుసలతో సమానంగా పెరగదు. చివరి వరుసలలో అధికంగా పేరుకొంటుంది. కొలత వరుసలలో గాక కుట్లలో ఉండాలి.

3. చమ్కీ నూలు వస్తువు ధరను, అల్లేందుకు పట్టే కాలాన్ని రెంటినీ పెంచుతుంది. ముక్కకూలీ మారకపోతే మొదటిది వ్యాపారికి, రెండవది అల్లే స్త్రీకి చెందుతాయి.

4. భౌగోళిక గుర్తింపు వస్తువుకు పేరు తెస్తుంది. అల్లిన స్త్రీకి శ్రామికురాలిగా గుర్తింపు వేరుగా సాధించవలసినదే.

నరసాపురం లేసుపై జరిగిన పరిశోధనలో కూలీ, కులం, లింగభేదం చర్చకు వచ్చినంతగా కుట్టు చర్చకు రాలేదు. అల్లికను తెలిసిన స్త్రీలను సమాచారదాతలుగా మాత్రమే గాక, లెక్కను నిర్ణయించే వారుగా పరిశోధనలో భాగం చేస్తే, ‘మధ్యమధ్యలో’ అనే మాటకు గంటలలో విలువ తెలుస్తుంది. గడ్డపోతారం వంటి పారిశ్రామికవాడలలో గేటు లోపలి శ్రమను అధ్యయనం చేసే పరిశోధకులు గేటు బయటి ఇళ్ళలోని సూదులను కూడా పరిశీలించవలసిన అవసరం ఉంది.